చలి వెళ్లు దినములలో తోటవాని లెక్క

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 11:10-15, ప్రసంగి 11:1-6, లూకా 14:28-30



సంక్రాంతి దాటి మూడు వారములు గడచుసరికి హిందూపురము బజారునకు కొత్త చింతపండు వచ్చుట మొదలగును. అంతవరకు రాశులు పోసి అమ్మిన అనపకాయలు తగ్గుముఖము పట్టును. తెల్లవారుజామున కొండల మీద మంచు పొగవలె నిలిచియుండును. పదకొండు గంటలకు నెత్తిమీద తుండుగుడ్డ లేనిదే పొలము గట్టున నడువలేము. రాత్రికి మరల కంబళి వెదకుకొందుము. చలి శివరాత్రికి శివశివా అనుచు పోవునని మన ఇరుగుపొరుగువారు చెప్పుకొను సామెత ఈ సీమలో చాలవరకు నిజమే. ఇట్టి దినములలోనే పెరడు గలవారికి చేతులు ఊరకుండవు. మడులు తవ్వి ఏదో ఒకటి విత్తవలెనని తోచును. గనుక ఈ మాసపు పాఠమునకు ఆ పెరటి పనినే తీసికొనుచున్నాము.

మొదట మా పొరపాటును ఒప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రార్థన మందిరపు ఆవరణములో పది మడుల కూరతోట వేయ తలపెట్టితిమి. ఆ ఆవరణము చుట్టు సొంత నేల లేని ఆరు కుటుంబములవారు కాపురముండిరి. వారికి వేసవిలో కాయగూర కొను పని తప్పించవలెనని మా కోరిక. మా పాత బీరువాలో ఇంగ్లండులో అచ్చయిన తోటపని పుస్తకము ఒకటి యుండెను. చలికాలపు చివరి వారములలో తొందరపడవద్దనియు, నేల వెచ్చబడిన వెంటనే మాత్రము ఆలస్యము చేయక విత్తవలెననియు, ముందు వేసవి అంతయు ఉన్నదనియు అందులో చక్కగా వివరించియుండిరి. జనవరి చివర నాలుగైదు దినములు మబ్బు పట్టి రాత్రులు వెచ్చగా నుండగా, చలి పోయినదనుకొని సొర, బీర, కాకర గింజలు నాటి, టమాట నారు తీసి వరుసలలో పెట్టితిమి. ఆ పని అంతయు ఒక్క శనివారమున ముగించినందుకు మమ్మును మేమే మెచ్చుకొంటిమి కూడ.

మబ్బు విడిపోయెను. ఆకాశము తేటపడిన రాత్రి నేలలోని వేడి పైకి తేలిపోవును. మబ్బు దుప్పటివలె కప్పియున్నప్పుడే అది నిలుచును. ఈ సంగతి మేము అప్పుడు తలచలేదు. మరుసటి వారము మరల చలి దిగెను. తడినేలలో సొర గింజలు ఉబ్బి, మొలవక కుళ్లిపోయెను. రెండవసారి విత్తితిమి. అవి మొలిచెను, టమాట పూతకు వచ్చెను. మార్చి నడుమకు వచ్చుసరికి బావిలో చేద వేసినప్పుడు బురద వచ్చుట మొదలాయెను. ఆరు ఇండ్లవారు బిందెలు వరుసగా పెట్టి కాచుకొనియుండగా మేము మడులకు నీరు ఎట్లు తోడుదుము? ఒక దినమున బావిగట్టు మీద ఒక్క బిందె నీటికి ఇద్దరు తల్లులు మాట మాట అనుకొనిరి. ఆ మరునాటి నుండి తోటకు నీరు నిలిపివేసితిమి. పిందె కట్టిన మొక్కలు వారము దినములలో మా కన్నులయెదుట వాడిపోయెను. ఎవరికొరకు తోట వేసితిమో వారి బిందెలకే అది పోటీయైనదన్న తలంపు చాలకాలము మమ్మును విడువలేదు.

ప్రహరీకి అవతల ఒక అవ్వ ఒంటరిగా నుండెడిది. ఆమె పెరటిలో రెండే మడులు. ఏప్రిలు నెలలో ఆమె గోడమీదుగా మాకు తోటకూర కట్ట అందించుచు, “మీరు పుస్తకం జూసి ఇత్తనం ఏస్తిరి. బావి జూసి ఏసింటే బాగుండు నాయనా” అనెను. ఎత్తిపొడుపు మాట కాదు. నిజముగా జాలిపడియే అనెను. ఈ పాఠమంతయు ఆ మాటకు వివరణమే.

ఆ పుస్తకము అబద్ధమాడలేదు. అది వ్రాయబడిన దేశము వేరు. బ్రిటను అట్లాంటిక్ మహాసముద్రపు తూర్పు అంచున నున్న ద్వీపము. ఉత్తరమునుండి వచ్చు చల్లని గాలియు, నైరుతి దిక్కున సముద్రము మీదుగా వచ్చు వెచ్చని తడిగాలియు ఆ ప్రాంతములోనే కలిసికొనుచుండును. వాటి నడుమ పుట్టు అల్పపీడనములు ఒకదాని వెంట ఒకటి ఆ దేశముమీదుగా సాగిపోవును. అందుచేత అక్కడ ఉదయము ఎండ, మధ్యాహ్నము వడగండ్లు, సాయంకాలము తుంపర ఒకే దినమున చూడవచ్చును. ఇద్దరు కలిసికొన్నయెడల మొదటి మాట వాతావరణమును గూర్చియే యని ఆ దేశస్థులే నవ్వుకొందురు. ఫిబ్రవరిలో అక్కడి తోటవానికి శత్రువు మంచుగడ్డ. అనేక చోట్ల మే నెల వరకు రాత్రివేళ నీరు గడ్డకట్టు భయముండును గనుక, లేత నారును కిటికీల దగ్గరను, గాజు కప్పుల క్రిందను దాచిపెట్టి కాచుకొందురు. ఆ భయము తీరిన తరువాత నీటిని గూర్చి అంతగా చింతింపనక్కర లేదు.

ఇక్కడ ఒక లెక్క చూడుడి. లండను నగరములో సంవత్సరమునకు సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడును. అనంతపురము సీమలో పడునది సుమారు 550. యెరూషలేములో పడునదియు ఇంచుమించు అంతే. ఆంధ్రదేశములో అతి తక్కువ వాన పడు సీమ అని మనము తలవంచుకొను ఈ నేలమీద పడు నీటికిని, ఎల్లప్పుడు పచ్చగానుండు లండను నేలమీద పడు నీటికిని భేదము అంత కొంచెమే! మేము ఈ అంకెలను మొదట చూచినప్పుడు అచ్చుతప్పేమో యనుకొంటిమి.

భేదము వాన యొక్క మొత్తములో లేదు, వచ్చు తీరులోను పోవు తీరులోను ఉన్నది. లండనులో ఆ వాన పండ్రెండు నెలలకు పంచబడి సన్నని తుంపరగా పడును. వానలేని నెల యనునది సాధారణముగా లేదు. ఎండ తక్కువ గనుక పడిన తడి నేలలో నిలుచును. మనకు సగముకంటె ఎక్కువ జూన్ మొదలు సెప్టెంబరు లోపల పడును. మిగిలినదానిలో చాలభాగము అక్టోబరు నవంబరులలో ముగియును. జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు నెలలు కలిపినను సాధారణముగా 20 మిల్లీమీటర్లు చేరదు. ఏప్రిలు ఎండకు తెరచిన తొట్టిలోని నీరు దినమునకు 8 మిల్లీమీటర్లకు పైగా ఆవిరియగును. అనగా చలి వెళ్లు దినములలో ఇంగ్లండు తోటవాడు ముందున్న వానల వైపు చూచుచుండగా, మనము గడచిన వానలలో మిగిలిన దానివైపు చూడవలసినవారము.

మార్పు అన్నది మనకును కలదు. అయితే అక్కడ దినమునకు దినము మారును, ఇక్కడ సంవత్సరమునకు సంవత్సరము మారును. 1876-78 సంవత్సరముల మహాకరవు ఈ సీమను ఎట్లు పీడించెనో పెద్దలద్వారా విన్న కుటుంబములు నేటికిని కలవు. అప్పటికి అనంతపురము జిల్లా లేదు. బళ్లారి జిల్లాలోనుండి అది 1882లో ఏర్పడెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఇప్పుడు 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. అదే సీమలో 2021 నవంబరులో చిత్రావతి పొంగి పొర్లెను. ఎండిన ఏరని దాని ఇసుకలో నడచినవారే దానిని చూచి భయపడిరి. ఒక ఏడు చూచి మరు ఏటికి లెక్క వేయుట ఈ నేలమీద చెల్లదు.

ఇప్పుడు వేదభాగమునకు వత్తము. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయములో మోషే ఐగుప్తును కనానును పోల్చి చెప్పుచున్నాడు. ఐగుప్తులో జనులు విత్తనములు చల్లి, కూరతోటకు పెట్టినట్లు తమ కాలి కష్టముతో నీరు పెట్టిరి. చేరబోవు దేశమో, కొండలు లోయలు గలదై ఆకాశపు వానను త్రాగునది. ఈ మాటలను మనము పలుమారు వినియుందుము గాని, కూరతోట యన్న ఉపమానమును గమనించియుండము. నైలు నది యున్నచోట నీరు ఎప్పుడును ఉండును, కష్టమే కావలెను. కొండదేశములో కష్టపడినను, వాన రాకున్న లేదు. హిందూపురమునుండి ధర్మవరము వరకు మన దేశము ఏ జాతికి చెందినదో ప్రత్యేకముగా చెప్పనక్కర లేదు. 2016లో హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణానది నీరు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయమునకు చేరినప్పటినుండి కొంతమట్టుకు ఐగుప్తు పాలు కూడ మనకు కలిసినది. అయినను కాలువ దరి లేని పెరళ్లే అనేకములు.

ఆ కనాను దేశములో తొలకరి వాన అక్టోబరు నవంబరులలోను, కడవరి వాన మార్చి ఏప్రిలులలోను పడును. నడుమనున్న చలికాలమే వానకాలము. చలి పోయినదనగా అక్కడ వానయు పోయినదనియే అర్థము. మనకు చలి మొదలగునప్పటికే వాన సెలవు పుచ్చుకొనును. గెజెరు అను పాత పట్టణపు త్రవ్వకములలో 1908లో ఒక చిన్న సున్నపురాతి పలక దొరికెను. క్రీస్తునకు పూర్వము సుమారు పదియవ శతాబ్దమునాటి ఆ పలకమీద ఎవరో ఒక సంవత్సరపు సేద్యపు పనులను నెలలవారీగా చెక్కియుండిరి: పంట కూర్చుకొను నెలలు, విత్తు నెలలు, ఆలస్యపు విత్తనములు వేయు నెలలు, అవిసె, యవలు కోయు నెలలు, ద్రాక్షలు చక్కబెట్టు నెలలు, వేసవి పండ్ల నెల. ఆలస్యపు విత్తనములు వేయు ఆ నెలలు చలికాలపు చివరనే వచ్చును. మనమును సరిగా ఆ పనికే చేయి చాచుచున్నాము. వారికి కడవరి వాన ముందున్నది, మనకు లేదు. అంతే తేడా.

కాబట్టి బావిని కొలువుడి. దీనికి యంత్రమేమియు అక్కరలేదు. ఒక తాడునకు అడుగునకొక ముడి వేసి, చివర రాయి కట్టుడి. సాయంకాలము అందరు తోడుకొనిన తరువాత ఒకసారి, తెల్లవారి ఎవరును చేద వేయకముందు ఒకసారి దింపి చూడుడి. రెండింటి నడుమ నీరెంత పెరిగెనో అదే బావి యొక్క దినకూలి. పది అడుగుల అడ్డము గల గుండ్రని బావిలో ఒక అడుగు నీరనగా సుమారు 2,200 లీటర్లు, అనగా పదునైదు లీటర్ల బిందెలు దాదాపు 150. బోరు గలవారు బిందె నిండుటకు ఎన్ని క్షణములు పట్టుచున్నదో, ఎంతసేపటికి నీరు తెగుచున్నదో వారమునకొకసారి గోడమీద వ్రాసికొనిన చాలును.

మడి లెక్క ఇట్లుండును. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు నీరు అనగా ఒక లీటరు. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల మడికి ఫిబ్రవరిలో దినమునకు ఒక బిందె చాలును. ఏప్రిలులో రెండు బిందెలకు దగ్గరగా కావలెను. ఇండ్లకు పోగా తోటకు ఇప్పుడు పండ్రెండు బిందెలు మిగులుచున్నవనుకొందము. పండ్రెండు మడులు వేయవచ్చునని మనసు చెప్పును. ఏప్రిలుకు ఊట సగమై ఆరు బిందెలే మిగిలినయెడల, మడికి రెండేసి చొప్పున మూడు మడులకే సరిపడును. ఊట సగమగుచుండగా దాహము రెండింతలగును. మా పది మడులు ఈ లెక్క దగ్గరనే చెడినవి. గోపురము కట్టబోవువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని లూకా సువార్తలో ప్రభువు చెప్పిన ఉపమానమును ఎన్నిసార్లు బోధించియుంటిమో! బావిగట్టు మీద అది మాకు జ్ఞాపకము రాలేదు.

అయితే ప్రసంగి 11వ అధ్యాయము గాలిని చూచుచు కూర్చుండువాడు విత్తడని హెచ్చరించుచున్నదే, దానికేమందురని ఎవరైన అడుగవచ్చును. ఆ హెచ్చరికయు న్యాయమే. మబ్బు వచ్చునా, చలి పోవునా యని చూచుచు మార్చి వరకు పార ముట్టనివారిని కూడ మేమెరుగుదుము; వారి తీగలకు కాపు రాకమునుపే ఎండ వచ్చి పడును. మా అభిప్రాయమేమనగా, గాలి మన చేతిలో లేదు గనుక దాని కొరకు కాచుకొనుట వ్యర్థము. బావి మన కంటి యెదుట నున్నది గనుక దానిని చూడకుండుట బుద్ధిహీనత. ఈ రెంటిని కలగలుపరాదు.

చలి మోసమును తప్పించుకొనుటకు సులువైన మార్గము కలదు. సొర, బీర, కాకర గింజలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యి దగ్గరనో గడ్డి నడుమనో ఉంచినయెడల మొలక చూపును. వాటిని ముందుగా కొబ్బరి చిప్పలలోనో చిన్న సంచులలోనో గోడవారగా పెంచి, తెల్లవారుజామున మడిలో చేయి పెట్టినప్పుడు మన్ను చల్లగా తగులని దినము వచ్చిన తరువాత నాటవచ్చును. ఆ దినము మూడు ఊళ్లలో ఒకటి కాదు. హిందూపురము సముద్రమట్టమునకు 620 మీటర్ల ఎత్తున నున్నది. ధర్మవరము దానికంటె 250 మీటర్లకు పైగా పల్లము. రైలులో ఉత్తరముగా పోవుకొలది కిటికీలోనుండి గాలి వెచ్చబడుట మీరును ఎరుగుదురు. ధర్మవరమువారు వారము పది దినములు ముందుగా నాటవచ్చును, అంత ముందుగానే ఎండకు జంకవలెను. పెనుకొండలో కోట కొండ ప్రక్కనున్న ఇండ్లలో, పగలు కాగిన బండ రాత్రియంతయు వేడి వదలుచుండును. అచ్చట మొలక త్వరగా వచ్చును, మాడుటయు త్వరగానే. ధర్మవరపు నేతగాండ్ల ఇండ్లలో ఇరుకు పెరడైనను ఒక కరివేపాకు, ఒక మునగ కనబడును. పట్టునూలు రంగు వేసిన నీటిని మాత్రము ఆకుకూరలకు పోయకుడి.

ఇతర పనులను త్వరగా చెప్పి ముగింతుము. మామిడి పూతమీదనున్నప్పుడు నీరు పెట్టవద్దు. పిందె బఠాణీ గింజంత యైన తరువాత పెట్టుడి. మబ్బు పట్టిన దినములలో పూతమీద తేనెమంచు పురుగును, బూడిద తెగులును కనిపెట్టుచుండుడి. చిక్కుడు కొసలకు పేనుబంక పట్టినయెడల ఉదయపు తడిమీద పొయ్యి బూడిద చల్లవచ్చును, లేక లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, వడకట్టి చల్లవచ్చును. అక్షింతల పురుగులు కనబడిన కొమ్మను మాత్రము విడిచిపెట్టుడి. పేనుబంకను అవియే తినును. కానుగ ఆకు ఈ దినములలోనే రాలును. దానిని ఊడ్చి తగులబెట్టువారిని చూచినప్పుడు మాకు మనసు చివుక్కుమనును. మూడు వ్రేళ్ల మందమున మడిమీద పరచిన, నేల చెమ్మ అంత సులభముగా పోదు.

అవ్వ తన రెండు మడులను నిలుపుకొనినది మట్టికుండలవలన. మెరుగు పూయని, పొట్ట వెడల్పైన కుండను మూతి మాత్రము పైకి కనబడునట్లు పాతి, చుట్టు నాలుగు తీగలు నాటెడిది. కుండ చెమర్చిన నీటిని వేళ్లు వెదకుకొని వచ్చి త్రాగును. పైమన్ను పొడిగానుండుటచేత ఎండ దోచుకొనునది తక్కువ. మూడు నాలుగు దినములకొకసారి నింపిన చాలును. దోమలు చేరకుండ మూతిమీద పెంకు బోర్లించెడిది.

ఈ మాసము మా ఆవరణములో మూడు మడులే తవ్వియున్నాము. తాడు కొక్కెమునకు వ్రేలాడుచున్నది; ప్రతి శనివారము సాయంకాలమున ఒకరు, ఆదివారము ఆరాధనకు ముందు మరియొకరు దింపి, ముడుల లెక్కను ఆ ఆరు ఇండ్లవారికి చదివి వినిపించుచున్నారు. ఎవరి మడికి ఎన్ని బిందెలో వారే తేల్చుకొనుచున్నారు. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె కుండలలో రెండు మాకు వచ్చినవి. ఒకదాని అంచు పగిలినది గాని, చెమ్మ బాగుగనే వదలుచున్నది.